ఆరో సొరంగంలో ఎవరికీ భయం లేదు

నమోదు 1 – బహుళ తదియ

ప్రతి జట్టు ప్రతినిధీ పని ముగిశాక ఆ రోజు జరిగింది తన నోటితో చెప్పి భద్రపరచాలని కార్మిక సంఘం తీర్మానించింది. మంచి పని. కంపెనీ దగ్గర ఎలాగూ మా చేతి కడియాల లెక్కలున్నాయి. ఎవరు ఏ రంగులో ఉన్నారో వాటిలో ఉంటుంది. ఎవరు ఏమన్నారో ఉండదు. అది నేను చెప్తాను. నా పేరు విశాలాక్షి, ఆరో సొరంగం జట్టు. తేదీలు వెయ్యను. సముద్రపు గట్టు కింద పనిచేసేవాళ్లకి తిథి తెలిస్తే చాలు, పోటు దాన్ని బట్టే వస్తుంది.

ఈ రోజు కూడా గేటు దగ్గర నవ్వులతోనే మొదలైంది. ఒంట్లో భయముంటే కడియం ఎర్రబడుతుంది. ఎర్రగా ఉంటే గేటు తెరుచుకోదు, ఆ పూట పని లేదు. అందుకే ప్రతి జట్టులోనూ నవ్వించేవాడు ఒకడుంటాడు. మాకు నూకరాజు. ఏసుపాదం కడియం కాస్త నారింజకి తిరగడం చూసి దగ్గరికి లాక్కున్నాడు.

"రాత్రి మా ఆవిడ అడిగిందిరా, గట్టు కూలితే ముందు ఎవర్ని పట్టుకుంటావని. కేరేజీ పట్టుకుంటానన్నాను."

"అదేంట్రా, పెళ్లాన్ని ఒగ్గేసి?"

"అందులో రొయ్యల ఇగురుంది. నీకు ఈతొచ్చు, రొయ్యలకి ఇంక రాదు కదా అన్నాను."

ఏసుపాదం నవ్వాడు. కడియం ఆకుపచ్చకి తిరిగింది. గేటు తెరుచుకుంది. అయిదుగురం దిగాం.

మా పని చెప్పుకోవడానికి గొప్పదేం కాదు. గట్టు లోపలికి ఊరిన నీళ్లని పంపులు తిరిగి సముద్రంలోకి తోస్తాయి. పంపుల ముందు జల్లెడలుంటాయి. వాటికి పట్టిన నాచు, జెల్లీ చేపలు, మా తాతల కాలం నాటి ప్లాస్టిక్ సంచులు చేతులతో లాగి పారేస్తాం. మేం ఆపితే పంపులు ఆగుతాయి. పంపులు ఆగితే ఊళ్లో ఒకటో అంతస్తు దాకా నీళ్లు.

ఆరో సొరంగంలో సముద్రం వైపు గోడకి చెమట పట్టింది. పౌర్ణమి పోటుకి పడుతుంది, మామూలే. కానీ పౌర్ణమి వెళ్లి మూడు రోజులైంది. గోడ మీద చెయ్యి పెట్టి నాలిక మీద రాసుకున్నాను. ఉప్పు. లోపలి ఊట అయితే ఇంత ఉప్పుండదు.

"గోడని నాకుతుంది చూడండ్రా మా అక్క," అన్నాడు నూకరాజు. అందరూ నవ్వారు. అయిదు కడియాలూ ఆకుపచ్చే.

నమోదు 2 – బహుళ పంచమి

వైఖరి అధికారిని కలిశాను. అవును, ఆ ఉద్యోగం పేరే అది. ప్రమాదాలన్నీ మనిషి వైఖరిలో పుడతాయట, కాబట్టి భద్రతా విభాగం తీసేసి వైఖరి విభాగం పెట్టారు. గోడ కూలితే గోడ వైఖరి బాగోలేదంటారేమో.

నిరంజన్ గారు మర్యాదస్తుడు, ఆ మాట ఒప్పుకోవాలి. లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. ఏడో అంతస్తు కిటికీలోంచి సముద్రం అందంగా కనిపిస్తుంది. ఆయన చేతికి కడియం లేదు. పైవాళ్లకి అక్కర్లేదట.

"ఆరో సొరంగంలో పీడనం చూసే గేజీలు తిరిగి పెట్టించండి," అన్నాను.

"చూడండి విశాలాక్షి గారూ, గేజీ అబద్ధం చెప్తుంది. తుప్పు పడుతుంది, ఇరుక్కుపోతుంది. మనిషి ఒళ్లు అబద్ధం చెప్పదు. ప్రమాదాన్ని మీ ఒళ్లు మీకంటే ముందే పసిగడుతుంది. అందుకే గేజీలు తీసేసి మిమ్మల్ని నమ్ముకున్నాం. ఇది మీకిచ్చిన గౌరవం."

ఈ గౌరవం సంగతి చెప్పాలి. ఒక సొరంగంలో మూడు కడియాలు ఎర్రబడితే పని దానంతట అదే ఆగిపోతుంది, ఉక్కు తలుపు మూసుకోవడం మొదలుపెడుతుంది. మొదట్లో బాగానే పనిచేసింది. రెండో సొరంగంలో ఒకసారి మనుషులకి తెలీకుండానే ఒళ్లు జలదరించి బయటపడ్డారు. తర్వాత కంపెనీకి ఇంకో ఆలోచన వచ్చింది. ఏడాది పొడుగునా ఎరుపు లేని జట్టు వైఖరి మంచిదని తేల్చి, ఆ జట్టు కుటుంబాలకి పై అంతస్తుల్లో ఇళ్లిచ్చారు, మళ్లీ ఎరుపొస్తే లాక్కోవచ్చు. పోటుకీ పోటుకీ మంచాలెత్తి నెత్తిన పెట్టుకునే ఊళ్లో నాలుగో అంతస్తు అంటే ఏమిటో నేను చెప్పాలా? అప్పట్నించి ఊరంతా భయపడకపోవడం నేర్చుకుంది. ఊపిరి ఎలా బిగబట్టాలి, నవ్వు ఎలా తెచ్చుకోవాలి, గోడకేసి చూడకుండా ఎలా ఉండాలి. పిల్లలకి కూడా నేర్పిస్తున్నారు.

"మీరే భయాన్ని కొనేశారు," అన్నాను. "కొనేశాక ఒళ్లు నిజం చెప్తుందని ఎలా అనుకుంటున్నారు?"

"మీ జట్టులో భయం లేదు. లెక్కలు చూశాను. చాలా ఆరోగ్యకరంగా ఉన్నారు."

"తలుపుకి ఇదివరకు ఉన్న చేతిచక్రమైనా తిరిగి పెట్టండి. మేం తెరుచుకుంటాం, మేం మూసుకుంటాం."

"చక్రం ఉంటే అనుమానం ఉంటుంది. తలుపు మనుషుల్ని గమనిస్తూనే ఉంటుందండీ. లోపలున్న ఆఖరి ఎర్ర కడియం బయటికొచ్చేదాకా పూర్తిగా మూసుకోదు."

"మరి ఆకుపచ్చ కడియం లోపలుంటే?"

ఆయనకి ఆ ప్రశ్న నిజంగా అర్థం కాలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టాల్సింది. "భయం లేనివాడికి ప్రమాదం ఏముందండీ?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కోపాన్ని కడియం లెక్కపెట్టదు.

నమోదు 3 – బహుళ అష్టమి

అష్టమి నాడు పోటు చప్పబడిపోతుంది. నెలలో గట్టు ఊపిరి పీల్చుకునే రోజది. ఈ రోజు కూడా ఆరో సొరంగం గోడ తడారలేదు. పైగా చెమట కాదు, ధార. వేలంత లావు. భోజనాల దగ్గర మా జట్టు గంగాభవాని కేరేజీ మూతలో చినుకులు పడుతుంటే ఆవిడ జరిగి కూర్చుంది, అంతే.

"అలా జరుగుతూ జరుగుతూ తలుపు దాకా వస్తావా?" అన్నాను.

"అక్కా, తిననియ్యవా?"

నేను ఊరుకోలేదు. అమావాస్య పోటుకి ఈ గోడ నిలబడదన్నాను. నిజంగా భయపడితే మూడు ఎరుపులు చాలు, పని ఆగుతుంది, కంపెనీ గోడ చూడక తప్పదన్నాను.

గంగాభవాని ముద్ద ఆపి నా వైపు చూసింది. "నీకేం అక్కా, ఒంటి మనిషివి. చాప చుట్టుకుని ఎక్కడికైనా పోతావు. మా అత్తకి పక్షవాతం. కింద ఉన్నన్నాళ్లూ పోటొస్తే ఆవిణ్ని తలుపు చెక్క మీద కట్టి తేలేసుకున్నాం. ఇప్పుడు నాలుగో అంతస్తులో పడుకుని రేడియో ఇంటుంది. ఆ మంచం మీంచి నేను దింపాలా?"

"గోడ కూలితే నువ్వు ఉండవే."

"కూలినప్పుడు సూద్దాం."

"ఆరో సొరంగం జట్టంటే ఏంటనుకున్నారు," అన్నాడు మాలో అయిదోవాడు అబ్బులు, జబ్బ చరుచుకుని. "మూడో సొరంగం వాళ్లలాగా తడి సూసి పారిపోయే రకమా? మా నాన్న సేపల ఏట పడవలో పుట్టాడు."

కంపెనీని తిట్టడం తేలిక, నేను రోజూ తిడతాను. కానీ ఈ జబ్బ చరుచుకోవడం కంపెనీ నేర్పింది కాదు. ఇది మాదే. హెల్మెట్ పెట్టుకున్నవాణ్ని పెళ్లికొడుకా అని పిలిచింది మేం. తాడు కట్టుకుని దిగిన వాడికి పసిపిల్లల పాలసీసా ఇచ్చింది మేం. కంపెనీ చేసిందల్లా మా పొగరుకి ఇల్లిచ్చి కూర్చోబెట్టడం. పైవాళ్లకి మా ప్రాణం లెక్కలేదు, మాకు మా ప్రాణం లెక్కలేదు. ఇద్దరం ఒక్క మాట మీదున్నాం, ఇంతకంటే మంచి పారిశ్రామిక సంబంధాలు ఎక్కడుంటాయి?

నూకరాజు నా పక్కకి వచ్చాడు. గిన్నె కడుక్కుంటూ నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "నువ్వు సెప్పింది నిజమేనక్కా. కానీ వీళ్లని నవ్వించింది నేను. ఇప్పుడు ఏడిపించమంటే నాకు సేతకాదు."

నమోదు 4 – బహుళ త్రయోదశి

ధార చెయ్యంత అయింది. కింద నీళ్లు చీలమండల దాకా నిలబడ్డాయి. ఒక పంపు మింగలేక దగ్గుతోంది. అబ్బులు జబ్బ చరచడం మానేశాడు. గంగాభవాని తనంతట తనే వచ్చి అంది: "సరే అక్కా, ఎరుపు తెద్దాం. ఒక్కసారి ఆగితే ఇల్లు పోతుందా ఏంటి? పోరాడదాం."

ఆ మాటకి నాకు కళ్లల్లో నీళ్లొచ్చినంత పనయింది. పని ఆపి అయిదుగురం గోడ ముందు వరసగా నిలబడ్డాం.

ఎవరి కడియమూ మారలేదు.

"గోడకేసి చూడండి. అవతల ఎంత నీరుందో తలుచుకోండి," అన్నాను.

చూశారు. ఆకుపచ్చ.

"రాజూ, ఏదన్నా భయమేసేది చెప్పు."

నూకరాజు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. అర్ధరాత్రి మడచెట్ల మధ్య వల విప్పుతుంటే వెనకనుంచి తడి చెయ్యి ఒకటి భుజం మీద పడిందట. వాడు తిరిగి చూస్తే చనిపోయిన వాళ్ల మామ. "అల్లుడూ, ఆ వల నాది, అద్దె ఏదీ అన్నాడు." అబ్బులు కిసుక్కున నవ్వాడు. ఏసుపాదం నవ్వాడు. అంతే, అందరం చీలమండల్లోతు నీళ్లలో నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. నేనూ నవ్వాను. గోడలోంచి సముద్రం వస్తోంది, అయిదు కడియాలూ లేత చిగుళ్లలా మెరుస్తున్నాయి.

నవ్వు ఆగింది. ఏసుపాదం తన మణికట్టు తట్టి చూసుకున్నాడు, గడియారం ఆగిపోయినవాడిలా. "నాకు బయమేస్తందక్కా," అన్నాడు నెమ్మదిగా. "లోపల ఏస్తంది. దీనికి తెలవట్లేదు."

పైకొచ్చాక నిరంజన్ గారికి ఫోన్ చేశాను. గోడలో చెయ్యంత ధార ఉందన్నాను. ఆయన తెర చూసుకున్నట్టున్నాడు. "కానీ మీవాళ్లు ఈ రోజు మరీ ఉల్లాసంగా ఉన్నారే," అన్నాడు.

సంఘం కార్యాలయానికి వెళ్లాను. రేపు పని మానేద్దామన్నాను. పని మానేస్తే పంపులాగి కింది అంతస్తుల వాళ్లు మునుగుతారు, మన వాళ్లేగా, అమావాస్య దాటనీ అన్నారు. దాటనివ్వాలట.

నమోదు 5 – అమావాస్య

దీన్ని క్రమంగా చెప్పాలి. చెప్తాను.

పొద్దున్న దిగేసరికి నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. గోడలో పగులు కనిపిస్తోంది, పైనుంచి కిందికి, వెంట్రుక పాయలాగా. నలుగురూ జల్లెడల దగ్గర లోపలున్నారు. నేను తలుపు గడప దగ్గర బయటి గోడకున్న ఫోన్‌లో నిరంజన్ గారితో గొడవ పడుతున్నాను. ఆయన మర్యాదగా పెట్టేశాడు. పగులులోంచి పెచ్చు ఒకటి ఊడి నీళ్లలో పడింది. చప్పుడు చిన్నదే.

అప్పుడు నాకు తట్టింది. వీళ్లకి నీళ్లంటే భయం పోయింది. దేనికి భయం మిగిలుందో నాకు తెలుసు. ఫోన్ చేతిలోనే పట్టుకుని అరిచాను.

"గంగా, ఏసూ, అబ్బులూ. పైనుంచి ఇప్పుడే చెప్పారు. మొన్న మనం పని ఆపి నిలబడ్డామని మన జట్టు ఇళ్లు లాగేసుకున్నారు. సామాన్లు దింపుతున్నారట. గంగా, మీ అత్తని మెట్ల మీద కూర్చోబెట్టారట."

అబద్ధం. నోరు తెరిచిన క్షణంలో పుట్టింది.

గంగాభవాని కడియం ముందు ఎర్రబడింది. తర్వాత అబ్బులుది. తర్వాత ఏసుపాదానిది. మూడు. గంట మోగింది, పంపులాగాయి, తలుపు కదలడం మొదలుపెట్టింది. "మా అత్తా," అంటూ గంగాభవాని నీళ్లని తోసుకుంటూ పరుగెత్తింది. అబ్బులు నన్ను దాటి మెట్లెక్కేశాడు. ఏసుపాదం జారి బోర్లా పడ్డాడు. నూకరాజు వెనక్కి తిరిగి వాణ్ని లేవనెత్తి ముందుకి తోశాడు. తోస్తూ నావైపు చూసి నవ్వాడు.

"బాగా సెప్పేవక్కా. నాకంటే బాగా సెప్పేవు."

కథలు చెప్పేవాడికి కథ తెలిసిపోయింది. వాడి కడియం ఆకుపచ్చగా ఉంది.

నేను గడప మీదున్నాను. ఏసుపాదం నా మీదకి వచ్చి పడ్డాడు, ఇద్దరం బయటికి పడిపోయాం. ఆఖరి ఎర్ర కడియం బయటికొచ్చింది. తలుపు దాని లెక్క ప్రకారం మూసుకుంది. నూకరాజు లోపల నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.

తలుపుకున్న కిటికీ అద్దంలోంచి వాడి ముఖం కనిపించింది. లోపలి ఫోన్ తీశాడు, బయటి ఫోన్లో వాడి గొంతు పలికింది.

"అక్కా, ఇదేం మర్యాద. నేనింకా బోంచెయ్యలేదు."

చక్రం ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. వాటిలో వేళ్లు పెట్టి లాగాను. అబ్బులు మెట్ల మీంచి దూకి వచ్చి పలుగుతో పొడిచాడు. రెండో ఫోన్‌లో నిరంజన్ గారు పలికాడు. తలుపు తెరవండి, మనిషి లోపలున్నాడన్నాను. "నాకు తెర మీద కనిపిస్తోందండీ, ఆయన ప్రశాంతంగానే ఉన్నారు," అన్నాడు. "ఎరుపు లేకుండా తెరవడానికి నా దగ్గర కూడా మీట లేదు." ఆ ముక్క రెండుసార్లు అన్నాడు. ఆయనకి కడియం ఉంటే ఎర్రబడేదేమో.

ఫోన్ పట్టుకుని అద్దానికి ముఖం ఆనించాను.

"రాజూ, భయపడు. ఎర్రబడితే తెరుచుకుంటుంది. భయపడరా."

"అలాగేనక్కా."

నీళ్లు నడుము దాకా వచ్చాయి. వాడు కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏం తలుచుకున్నాడో. కడియం చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు, నాకు కనబడాలని. ఆకుపచ్చ.

"పిల్లల్ని తలుచుకో."

"తలుసుకుంటన్నాను. రావట్లేదక్కా." వాడి గొంతు మామూలుగానే ఉంది. ఏళ్ల తరబడి రోజూ గేటు దగ్గర అలవాటు చేసిన ఊపిరి, ఒకే తూకంగా. "ఎలా బయపడాలో మర్సిపోయాను."

వెనక గోడ విప్పుకుంది. పెద్ద చప్పుడేం రాలేదు. అద్దం మొత్తం గోధుమ రంగుకి తిరిగింది, అందులో ఆ చిన్న ఆకుపచ్చ వెలుగు కాసేపు ఉంది.

అప్పుడు నా కడియం ఎర్రబడింది. బయట. బయట ఎర్రబడితే తలుపుకి లెక్కలేదు.

నమోదు 6 – శుద్ధ తదియ

కంపెనీ ప్రకటన వచ్చింది. ఆరో సొరంగం ఘటనలో ప్రమాదస్థితిలో ఉన్న కార్మికులందరూ సురక్షితంగా బయటపడ్డారట. ప్రశాంత స్థితిలో ఉన్న ఒక కార్మికుడు మరణించాడట. కారణం, జట్టు ప్రతినిధి తప్పుడు భయం పుట్టించే వైఖరి. అది నేను. నా మీద విచారణ పెట్టారు. చేసిందానికి జవాబు చెప్తాను, అబద్ధం నాదే. గోడ ఎవరిదో కూడా అదే గదిలో అడుగుతాను.

నూకరాజు కుటుంబానికి అయిదో అంతస్తు ఇచ్చారు. ఈ రోజు పొద్దున్న గేటు దగ్గర సంతాపం. వాళ్లావిడ రత్నమణిని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టారు. ఆవిడ రెండు మాటలు చెప్పాలట, మా ఆయన ఏనాడూ భయమెరగడు అని. ఆ తర్వాత అన్ని సొరంగాల జట్లూ పనిలోకి దిగాలి. గట్టులో ఒక సొరంగం పోయింది కాబట్టి మిగతా పంపుల మీద బరువు పెరిగింది, తొందరగా దిగాలి.

రత్నమణి అంతకుముందు నా దగ్గరికి వచ్చింది. "ఆఖర్లో బయపడ్డాడా వదినా ఆయన?" అని అడిగింది. నాకు ఉపన్యాసాలు తెలుసు. ఇక్కడ అవి పనికిరావు. ప్రయత్నించాడని చెప్పాను.

ఆవిడ మైకు పట్టుకుంది.

"మా ఆయన బల్లికి బయపడేవోడండి," అంది. "ఉరుముకి బయపడేవోడు. పెద్దదానికి జొరమొస్తే గుమ్మంలో కూలబడిపోయేవోడు. రోజూ పనికెళ్లేముందు నీళ్లగదిలో తలుపేసుకుని కూకునేవోడు. కడుపులో బాలేదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ. నిన్న పిల్లలు సెప్పేరు. నాన్న ఆడ కూకుని సన్నగా ఏడిసేవోడంట. ఏడిసి, ముకం కడుక్కుని, మీకు నవ్వు తెచ్చేవోడు. మీ అందరి బయం ఆయనే పడ్డాడండి. ఇంక పడేవోడు లేడు."

మైకు కింద పెట్టి వెళ్లిపోయింది.

గేటు ముందు నిలబడ్డ జనంలో మొదట ఏసుపాదం కడియం ఎర్రబడింది. తర్వాత పక్కవాడిది. తర్వాత మూడో సొరంగం వాళ్లవి, తడి చూసి పారిపోతారని మేం ఎగతాళి చేసినవాళ్లవి. గంగాభవాని తన చెయ్యి చూసుకుంది, దాచుకోలేదు. ఎవరూ ఊపిరి బిగబట్టలేదు. గేటు ముందు అంతా ఎరుపు. గేటు తెరుచుకోలేదు.

కొంతసేపటికి నా ఫోన్ మోగింది.

"విశాలాక్షి గారూ," అన్నాడు నిరంజన్ గారు. "పంపులు ఆగిపోయాయి. కింది అంతస్తుల్లో మీవాళ్లే ఉన్నారు కదా. ఎవరినైనా ఒక జోకు చెప్పమనండి."

"మీరు రండి," అన్నాను. "కడియం పెట్టుకుని మీరే కిందికి రండి. మాతో పాటు ముందు గోడ చూద్దురుగాని, ఆ తర్వాత జోకు మీరే చెబుదురుగాని."

ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన ఊపిరి వినిపిస్తోంది, తూకం తప్పి.

గేటు కిందనుంచి నీళ్లు సన్నగా మా చెప్పుల్లోకి వస్తున్నాయి. ఎవరూ పక్కకి జరగడం లేదు.